ఆర్మీకి వెళ్తే ఎంటెక్ పోతుందా?

(ఫైనలియర్ విద్యార్థులు, ఎన్‌సీసీ కేడెట్లతో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కూర్చోండి కూర్చోండి, వెనక నిలబడ్డ కేడెట్లు కూడా ముందుకొచ్చి కూర్చోండమ్మా, ఇక్కడ ఖాళీ ఉంది.

మీ సార్ వాళ్ళు పొద్దున నాకో చీటీల కట్ట ఇచ్చారు, మీరు రాసిన ప్రశ్నలు. టీ తాగుతూ అన్నీ చదివాను. ఎస్ఎస్‌బీ, అంటే ఆఫీసర్ల ఎంపిక ఇంటర్వ్యూ గురించి కొన్ని, మెడికల్ గురించి కొన్ని ఉన్నాయి, కానీ సగానికి పైగా చీటీల్లో తిప్పి తిప్పి ఒకటే మాట. ఆర్మీకి వెళ్తే నా ఎంటెక్ పోతుందా, ఎమ్మెస్ పోతుందా, పీహెచ్‌డీ కల వదిలేసుకోవాలా అని. ఒక చీటీలో అయితే "సర్, షార్ట్ సర్వీసే కదా, ఓ నాలుగైదేళ్ళు చేసేసి వచ్చి చదువుకోవచ్చా" అని ఉంది. ఎవరు రాశారో చెప్పక్కర్లేదు, కానీ ఆ చీటీ చదివాక నేను రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టేశాను, ఎందుకంటే ఇరవై రెండేళ్ళ వయసులో నేనూ సరిగ్గా అదే అనుకుని ఫారం నింపాను.

కాబట్టి ముందు ఆ మాట దగ్గరే మొదలెడదాం. కమిషన్ అంటే ఆఫీసర్‌గా నియామకం. షార్ట్ సర్వీస్ కమిషన్ అన్న పేరులో షార్ట్ అనేది రిటైరయ్యేదాకా ఉండే పర్మనెంట్ కమిషన్‌తో పోలిస్తే షార్ట్, అంతే. ఆర్మీలో ఇప్పుడు మొదటి విడతే 10 ఏళ్ళు, తర్వాత ఇష్టమైతే, వాళ్ళు ఒప్పుకుంటే ఇంకో 4, మొత్తం 14. 2006కి ముందు మొదటి విడత 5 ఏళ్ళే ఉండేది, అందుకే మీ ఇంట్లో ఏ బాబాయో మావయ్యో నేను ఐదేళ్ళు చేసొచ్చేశాను రా అంటే ఆయన చెప్పేది అబద్ధం కాదు, ఆయన ఆ కాలం మనిషి, ఆ లెక్క మాత్రం మీకు పనికిరాదు.

ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టండి. బీటెక్ అయ్యేసరికి 22. ఎస్ఎస్‌బీ, మెడికల్, మెరిట్ లిస్టు, జాయినింగ్ లెటర్ అన్నీ అయ్యేసరికి 23 అనుకుందాం. చెన్నై ఓటీఏలో, అంటే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో, ట్రైనింగ్ 49 వారాలు, భుజం మీద స్టార్లు పడేసరికి 24. ఆ 10 ఏళ్ళు కమిషన్ అయిన రోజు నుంచి లెక్క, అంటే బయటికి వచ్చేసరికి 34. అప్పుడు ఎంటెక్‌లో చేరితే 36, దాని మీద పీహెచ్‌డీ అంటే నలభై దాటొచ్చు. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు, నేను సరిగ్గా ఆ లెక్కలోనే ఉన్నాను, ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను, సంతోషంగా ఉన్నాను. కానీ ఈ లెక్క చేరే ముందు కూర్చుని వేసుకున్నవాడు వేరు, చేరాక మెస్‌లో ఓ రాత్రి నిద్రపట్టక వేసుకున్నవాడు వేరు. నేను రెండో రకం. అందుకే ఇవాళ వచ్చాను.

నా సంగతి చెప్తా. సివిల్ బ్రాంచి. ఫైనలియర్‌లో ఎంటెక్ సీటు కోసం గేట్ రాశాను, స్కోరు బాగానే వచ్చింది, అదే టైంకి ఇంజనీరింగ్ వాళ్ళకుండే షార్ట్ సర్వీస్ టెక్నికల్ ఎంట్రీకి కూడా పిలిచారు, దానికి రాత పరీక్ష ఉండదు, మార్కుల్ని బట్టి షార్ట్‌లిస్ట్ చేసి నేరుగా ఎస్ఎస్‌బీకి పిలుస్తారు కదా, ఐదు రోజులు అక్కడుండి వచ్చా, రికమెండ్ అయ్యా. ఇంట్లో అందరం కలిసి అనుకున్నది ఏంటంటే ముందు ఆర్మీ, తర్వాత ఎంటెక్, స్కోర్ కార్డు ఎటూ చేతిలో ఉంది కదా అని. ఆ స్కోర్ కార్డు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి నల్ల ట్రంకు పెట్టె అడుగున దాచాను. ఆ పెట్టె నాతో పాటు నాలుగు పోస్టింగులు తిరిగింది. దాని వేలిడిటీ అయిపోయిన సంగతి కూడా నాకు గుర్తు రాలేదు, ఓసారి పెట్టె సర్దుతుంటే కనబడింది, తేదీ చూసి కాసేపు అలా మంచం మీద కూర్చుండిపోయా. ఇప్పుడు గేట్ స్కోరు 3 ఏళ్ళు చెల్లుతుంది. క్యాట్ ఒక్క ఏడాది. జీఆర్ఈ, జీమ్యాట్ 5 ఏళ్ళు. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ 2 ఏళ్ళు. పదేళ్ళ సర్వీసు ముందు ఇవేవీ నిలబడవు, కాబట్టి ఈ ఏడాది ఎటూ చదువుతున్నాం కదా అని వరసగా అన్ని పరీక్షలూ రాసేసి పెట్టుకుంటే పనికొస్తాయి అనుకోకండి, డబ్బు దండగ. ఒక్కటి మాత్రం ఉంది, అదే ఏడాది ఎంటెక్ సీటు కూడా చూసుకోవాలి అనుకుంటే గేట్ రాయండి, ఎస్ఎస్‌బీలో రాకపోతే రెండో దారి ఉంటుంది. అది సర్వీసు తర్వాతి ప్లాన్ కాదు, ఈ ఏడాది ప్లాన్.

ఆ ఏడాదిలో ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామందికి చెప్పేవాళ్ళు ఉండరు. టెక్నికల్ ఎంట్రీ కోర్సులు ఓటీఏలో ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో మొదలవుతాయి. ఎంటెక్ క్లాసులేమో జులై, ఆగస్టుల్లో. అక్టోబర్ కోర్సు మెరిట్ లిస్టు కోసం చూస్తూ ఖాళీగా ఎందుకని ఎంటెక్‌లో చేరిపోతాం, ఫీజు కడతాం, ఒరిజినల్స్ ఇస్తాం, రెండు నెలలకి జాయినింగ్ లెటర్ వస్తుంది, అప్పుడు కాలేజీ చుట్టూ తిరుగుడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ దగ్గర ఉంచేసుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది, ఫీజు వాపసు గురించి కూడా చెప్పింది, ఆ నోటిఫికేషన్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. చేరేటప్పుడే చూపించి, ఒరిజినల్స్ వెరిఫై చేసి ఇచ్చేయండి సర్ అని మర్యాదగా అడగండి.

సరే, పీజీ ముందే చేసేసి వెళ్తే పోలా అని ఇంకొందరు రాశారు. పోతుంది, కొందరికి అదే మంచిది. టెక్నికల్ ఎంట్రీకి వయసు 27 దాకా ఉంది, 24కి ఎంటెక్ అయిపోయినా మీ చేతిలో మూడు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. బీఏ, బీఎస్సీ, బీకాం వాళ్ళకి అంత జాగా లేదు. వాళ్ళు యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్ష రాసి ఓటీఏకి రావాలి, లేదా సీ సర్టిఫికెట్ ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ, దానికి రాత పరీక్ష లేదు, డిగ్రీలో 50 శాతం, సీ సర్టిఫికెట్‌లో బీ గ్రేడు అయినా ఉండాలి. ఈ రెండింటికీ వయసు 25 దగ్గర ఆగిపోతుంది. 23కి ఎమ్మే పూర్తి చేసినవాళ్ళకి మిగిలేది ఏడాదీ రెండేళ్ళే, అందులో ఒకసారి జ్వరం వచ్చి మెడికల్ వాయిదా పడినా చాలు. కేడెట్లూ, మీలో సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు పీజీ కోసం దాన్ని పక్కన పెట్టకండి, అది వయసుతో పాటు కరిగిపోయే సర్టిఫికెట్.

నా అభిప్రాయం సూటిగా అడిగితే, పీహెచ్‌డీయే జీవితం అనుకునేవాళ్ళు, లెక్కల్లోనో ఫిజిక్స్‌లోనో థియరీ మీద పనిచేయాలనుకునేవాళ్ళు ముందు చదవండి. ఆ రంగాల్లో పదేళ్ళ గ్యాప్ నిజంగా దెబ్బ. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత వచ్చింది, మీ దారి ఇంకా దగ్గరైంది. కానీ సివిల్, మెకానికల్, ఎలక్ట్రానిక్స్, మేనేజ్‌మెంట్, పాలిటిక్స్, ఇంటర్నేషనల్ రిలేషన్స్, సైకాలజీ ఇలాంటివాళ్ళకి సర్వీసు గ్యాప్ కాదు. వీళ్ళకి సర్వీసే ల్యాబ్. ఈ మాట నేను ఊరికే అనట్లేదు, ఎందుకో చెప్తా.

నేను ఆర్మీ ఇంజనీర్స్ విభాగంలో పడ్డా. కొండ ప్రాంతంలో పోస్టింగు. మొదటిసారి నా చేతుల మీదుగా బెయిలీ బ్రిడ్జి, అంటే ముక్కలుగా తెచ్చి అక్కడే బిగించే ఇనుప వంతెన, వేసిన రోజు నాకింకా కళ్ళముందే ఉంది. ఒక్కో ప్యానెల్ 10 అడుగుల పొడవు, ఆరుగురు మోస్తారు, పిన్నులు కొడుతూ ఈ ఒడ్డు నుంచి అవతలి ఒడ్డుకి గాల్లో తోసుకుంటూ వెళ్తాం. స్ట్రక్చర్స్ పేపర్‌లో ట్రస్ లెక్కలు ఎన్ని చేశానో, ఒక్కసారి కూడా అది చెయ్యి పెట్టి తోస్తే ఎలా ఉంటుందో తెలీదు. కానీ నన్ను పట్టుకున్నది బ్రిడ్జి కాదు, బ్రిడ్జి కింద మట్టి. వానాకాలం వస్తే రోడ్డు పక్క రిటైనింగ్ గోడలు పొట్ట ఉబ్బినట్టు ముందుకొచ్చేవి, కొన్ని కూలిపోయేవి, పక్కనే అదే రకం గోడ, అదే ఎత్తు, చెక్కుచెదరకుండా ఉండేది. ఎందుకు? మా సుబేదార్ సాబ్ ఉండేవారు, ఇరవై ఏళ్ళ సర్వీసు, డిగ్రీ లేదు, ఆయన వర్షం పడుతుంటే గోడ దగ్గరికి వెళ్ళి నీళ్ళు బయటికొచ్చే రంధ్రాల్లో వేలు పెట్టి చూసి, సాబ్ ఈ గోడ ఈ సీజన్ ఆగదు అనేవారు. ఆగేది కాదు. వెనక చేరిన నీళ్ళు బయటికి దారి లేక గోడని తోస్తాయి, పుస్తకంలో పోర్ వాటర్ ప్రెషర్ అని చదివినదే, ఆయన వేలితో చదివేవారు.

ఆ రోజు నుంచి నేనో నోట్‌బుక్ పెట్టుకున్నా. వర్షం ఎంత పడింది, మట్టి ఏ రకం, గోడ వెనక ఏం నింపారు, రంధ్రాలు మూసుకుపోయాయా, ఎన్ని రోజులకి పగుళ్ళు వచ్చాయి, ఇంతే. వారానికి ఒక పేజీ, ఒక్కోసారి నెలకి ఒక పేజీ. ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి, ఆ నోట్‌బుక్‌లో నేను ఎక్కడా ఊరి పేరు, రోడ్డు పేరు, యూనిట్ పేరు, మ్యాపు ఏదీ రాయలేదు, రాయకూడదు. సర్వీసులో చూసిన సమాచారం మీది కాదు, అందులో ఒక్క ముక్క కూడా మీ థీసిస్‌లోకి రాకూడదు, సర్వీసులో ఉండగా ఏదైనా అచ్చుకి పంపాలన్నా ముందు పర్మిషన్ తీసుకోవాలి. నేను తర్వాత ఎంటెక్ ప్రాజెక్టు చేసింది పూర్తిగా వేరే చోట, ల్యాబ్‌లో పోసిన మోడల్ గోడ మీద. ఆ నోట్‌బుక్ నుంచి నేను తెచ్చుకున్నది డేటా కాదు, ప్రశ్న. ఎంటెక్ ఇంటర్వ్యూలో ప్యానెల్‌లో ఉన్న ప్రొఫెసర్ గారు పదేళ్ళుగా చదువుకి దూరంగా ఉన్నారు కదా అని మొదలెట్టారు, నేను ఆ గోడల గురించి చెప్పడం మొదలెట్టాక ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. ఇరవై నిమిషాలు గోడల గురించే మాట్లాడుకున్నాం.

మీకు నేను చెప్పాలనుకున్నది ఇదొక్కటే నిజానికి. సర్వీసులో మీ సర్టిఫికెట్‌కి ఏమీ కాదు, అది అలాగే ఉంటుంది. తెగిపోయేది మీకూ మీ సబ్జెక్టుకీ మధ్య ఉన్న దారం. అది తెగకుండా చూసుకుంటే 34లో కూడా చదువు మీది. దానికి రోజుకి మూడు గంటలు అక్కర్లేదు, అంత టైం ఉండదు కూడా, యంగ్ ఆఫీసర్స్ కోర్సు ఉంటుంది, యూనిట్ పనులుంటాయి, ప్రమోషన్ పరీక్షలుంటాయి, మీ కింద ముప్ఫై నలభై మంది జవాన్లుంటారు, వాళ్ళ ఇళ్ళ సమస్యలు కూడా మీవే. కానీ వారానికి ఒక పేజీ రాయొచ్చు. ఫీల్డులో నెట్‌వర్క్ ఉండదు, సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఎన్‌పీటీఈఎల్ లెక్చర్లు డౌన్‌లోడ్ చేసుకుని తీసుకెళ్ళండి, ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి పెట్టినవి, వీడియోలు ఉచితం. ఏడాదికి 60 రోజులు యాన్యువల్ లీవు, 20 రోజులు క్యాజువల్ లీవు ఉంటాయి ఆఫీసర్లకి, అందులో ఇంటి పనులు, పెళ్ళిళ్ళు, అమ్మానాన్నల హాస్పిటల్ అన్నీ పోగా ఒక్క వారం సబ్జెక్టుకి పెట్టగలిగితే గొప్ప.

సర్వీసులో ఉండగానే పీజీ చెయ్యొచ్చా అంటే, ఒకటి మీకు తెలియకుండానే వచ్చేస్తుంది. ఓటీఏలో ట్రైనింగ్ పూర్తి చేసినవాళ్ళకి మద్రాస్ యూనివర్సిటీ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్‌లో పీజీ డిప్లొమా ఇస్తుంది. చాలామంది దాన్ని ఫైల్లో పెట్టి మర్చిపోతారు, మర్చిపోకండి, దాని మీద ఎమ్మే కట్టుకోవచ్చు. ఇగ్నోలో ఎమ్మే అయితే రెండేళ్ళ కోర్సుకి నాలుగేళ్ళ గడువు, పరీక్షలు జూన్‌లో, డిసెంబర్‌లో. మా యూనిట్‌లో ఒక లెఫ్టినెంట్ అలాగే చేశాడు, ఒక డిసెంబర్ పరీక్షకి హాల్ టికెట్ వచ్చింది, వారం ముందు మూవ్ ఆర్డర్ వచ్చింది, పోయింది, జూన్‌లో రాశాడు, ఆ జూన్‌లో రెండు పేపర్లు రాసి మూడో దానికి మళ్ళీ పిలుపు. మూడున్నరేళ్ళు పట్టింది కానీ అయింది. దూరవిద్య తీసుకునేటప్పుడు యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో లిస్టులో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు ఆ ఏడాదికి ఉందో లేదో చూసి కట్టండి. ఇంజనీరింగ్ వాళ్ళు మాత్రం దూరవిద్య ఎంటెక్ అని ఎవరైనా చెప్తే వినకండి, అనుమతి లేకుండా అలా ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల గురించి 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది, ఎంతోమంది డిగ్రీలు దాంతో గాల్లో పడ్డాయి. పార్ట్‌టైం పీహెచ్‌డీ ఉంది, కానీ దానికి ఆఫీసు నుంచి ఎన్ఓసీ కావాలి, కోర్సువర్క్‌కి హాజరు కావాలి, గైడు దగ్గర్లో ఉండాలి, రెండేళ్ళకోసారి పోస్టింగు మారే మనిషికి ఇది ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. ఆర్మీ జీతమిచ్చి ఐఐటీకి పంపే సీట్లు ఉన్నాయి గానీ అవి చాలావరకు పర్మనెంట్ కమిషన్ వాళ్ళవి, చదివించినందుకు తిరిగి అన్నేళ్ళు సర్వీసు చెయ్యాలి కూడా, న్యాయమే.

తొమ్మిదో ఏడు గురించి ఇప్పుడు శ్రద్ధగా వినండి. పదో ఏడు దగ్గరికి వచ్చేసరికి మూడు దారులు మీ ముందుంటాయి, పర్మనెంట్ కమిషన్ అడగడం, ఇంకో 4 ఏళ్ళ ఎక్స్‌టెన్షన్ తీసుకోవడం, బయటికి రావడం. ఎక్స్‌టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎప్పుడైనా రిలీజ్ అడగొచ్చు, ఇది చదువుకునేవాళ్ళకి చాలా పెద్ద వెసులుబాటు, ఎందుకంటే రిలీజ్ తేదీని అడ్మిషన్ తేదీకి దగ్గరగా తెచ్చుకునే ప్రయత్నం చెయ్యొచ్చు. పదేళ్ళు ఫిబ్రవరిలో ముగిసి అడ్మిషన్ ఆగస్టులో అయితే ఆరు నెలలు జీతం లేకుండా కూర్చోవాలి. కాబట్టి పరీక్షలు తొమ్మిదో ఏట రాయండి. నేను గేట్ మళ్ళీ తొమ్మిదో ఏటే రాశాను. అప్పుడు ఫీల్డులో కాదు, పీస్ స్టేషన్‌లో ఉన్నా, మా సీవో సాబ్, అంటే కమాండింగ్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి సర్ నేను బయటికెళ్ళి చదవాలనుకుంటున్నా, పరీక్ష రాస్తా, రెండు రోజులు లీవు కావాలి అని ఉన్నదున్నట్టు చెప్పా. దాచలేదు. ఆయన కోప్పడలేదు, ప్రిపరేషన్‌కి ఇంకో రెండు రోజులు కలిపి ఇచ్చారు. ముప్ఫై మూడేళ్ళ వయసులో ఇరవై ఒక్కేళ్ళ పిల్లల మధ్య కూర్చుని పరీక్ష రాశా, మొదటి పది నిమిషాలు చేతులు చల్లబడిపోయాయి, తర్వాత సాయిల్ మెకానిక్స్ ప్రశ్నలు వచ్చాయి, సర్దుకుంది. గేట్‌కి, క్యాట్‌కి వయసు పరిమితి లేదు, ఆ భయం పెట్టుకోకండి.

వయసు అడ్డమొచ్చేది జేఆర్ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ళకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ దగ్గర, ఆర్ట్స్ వాళ్ళు ఇది రాసుకోండి. యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్‌కి 30 ఏళ్ళు. సైన్యంలో చేసినవాళ్ళకి చేసిన సర్వీసుని బట్టి 5 ఏళ్ళ దాకా సడలింపు ఉంది. బీసీ, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి కూడా 5 ఏళ్ళు ఉంది, కానీ రెండూ కలిపి పదేళ్ళు చేసుకుందాం అంటే కుదరదు, ఏ కారణమైనా మొత్తం 5 దాటదు. అంటే ఎవరికైనా 35. మీరు బయటికొచ్చేది 34కి. ఒక్క ఏడాది సందు! అందుకే సర్వీసు ముగిసేదాకా ఆగితే ఆ తలుపు మూసుకుపోతుంది, చివరి ఏడాదిలోనే రాయాలి, జేఆర్ఎఫ్ లెటర్ వచ్చాక చేరడానికి 3 ఏళ్ళు గడువు ఉంటుంది. నెట్‌లో డిఫెన్స్ అండ్ స్ట్రాటజిక్ స్టడీస్ అని ఒక సబ్జెక్టే ఉంది, సర్వీసులో ఉండి ఇగ్నోలోనో ఇంకెక్కడో ఎమ్మే చేసినవాళ్ళకి అది సొంత ఇల్లు లాంటిది.

డబ్బు సంగతి అడగడానికి మీరు మొహమాటపడ్డారు, ఒక్క చీటీయే ఉంది, కానీ ఇది పెద్ద విషయం. ట్రైనింగ్‌లోనే నెలకి 56,100 స్టైపెండ్. కమిషన్ అయ్యాక అదే బేసిక్, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 15,500, డీఏ, మిగతావి. ఆరేళ్ళకి మేజర్, బేసిక్ 69,400 దగ్గర మొదలు. అక్కడి నుంచి దిగి ఎంటెక్‌లో చేరితే గేట్ మీద వచ్చేది నెలకి 12,400. జేఆర్ఎఫ్ అయితే 37,000. అప్పటికి మీకు పెళ్ళయి ఉంటుంది, ఓ పాపో బాబో స్కూల్లో ఉంటారు. పెన్షన్ రాదు, ఆఫీసర్లకి పెన్షన్‌కి 20 ఏళ్ళు కావాలి. గ్రాట్యుటీ వస్తుంది, ప్రతి ఆరు నెలల సర్వీసుకి సగం నెల జీతం లెక్కన పదేళ్ళకి సుమారు పది నెలల జీతం. ఇంకా మీ డీఎస్ఓపీ ఫండ్, జీతంలోంచి దాచుకునే ప్రావిడెంట్ ఫండ్. అమెరికాలో 1944 నుంచి జీఐ బిల్ అని ఉంది, సర్వీసు చేసొచ్చినవాళ్ళకి ప్రభుత్వమే కాలేజీ ఫీజు కడుతుంది, మనకి అలాంటిది లేదు, ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను, కానీ ప్రస్తుతం మన చదువు మన జేబులోంచే. అందుకే లెఫ్టినెంట్‌గా ఉన్నప్పుడు కారు లోన్ తీసుకోకుండా డీఎస్ఓపీలో మినిమం కంటే ఎక్కువ కట్టండి. నా రెండేళ్ళ ఎంటెక్‌లో మా ఇంటి అద్దె, పాప ఫీజు దాంట్లోంచే వెళ్ళాయి. మా ఆవిడ ఉద్యోగం కూడా నిలబెట్టింది, అది చెప్పకపోతే అన్యాయం.

మేనేజ్‌మెంట్ వైపు వెళ్ళేవాళ్ళకి ఒక మాట. సర్వీసు ముగించేవాళ్ళ కోసం డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ వాళ్ళు ఐఐఎంలలో 24 వారాల కోర్సులు పెడతారు, చాలా మంచివి, కానీ అది సర్టిఫికెట్, ఎంబీఏ డిగ్రీ కాదు. డిగ్రీయే కావాలంటే జీమ్యాట్ రాసి ఐఐఎంల ఒక ఏడాది ఎంబీఏ కోర్సులు చూడండి, వాటికి వాళ్ళే అనుభవం అడుగుతారు, అక్కడ మీ పదేళ్ళు బరువు కాదు, అర్హత.

ఈ చీటీ ఒక అమ్మాయిది. "సర్, ఇంట్లో పెళ్ళి అంటున్నారు, నేను ఆర్మీ అంటున్నా, పీజీ కూడా ఉంది, మూడూ కుదురుతాయా." కుదురుతాయమ్మా, కానీ ఒకేసారి కాదు. ట్రైనింగ్‌లో పెళ్ళి చేసుకోకూడదు, అది రూలు, మగపిల్లలకైనా అంతే, కాబట్టి ఆ ఏడాది వరకు ఇంట్లో చెప్పడానికి నీకో మంచి కారణం ఉంది. 1992లో ఆర్మీ మహిళల్ని ఆఫీసర్లుగా తీసుకోవడం మొదలెట్టినప్పుడు పర్మనెంట్ దారి దాదాపు లేదు. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు తీర్పుతో అది తెరుచుకుంది. నీ బ్యాచి వచ్చేసరికి పదో ఏట నీకూ అబ్బాయిలకున్న దారులే ఉంటాయి. పర్మనెంట్ తీసుకుంటే సర్వీసులోనే పైచదువు అవకాశం వస్తుంది. పార్ట్‌టైం పీహెచ్‌డీ వైపు వెళ్తే ఆరేళ్ళ గడువు మీద మహిళలకి అదనంగా టైం ఇస్తారు. ఇంట్లో వాళ్ళకి ఈ సంవత్సరాలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసి చూపించు. మాటలతో చెప్తే భయపడతారు, కాగితం చూస్తే లెక్క అడుగుతారు, లెక్కకి నీ దగ్గర జవాబుంటుంది.

అగ్నివీర్ గురించి రెండు చీటీలున్నాయి. అది వేరే లెక్క, 4 ఏళ్ళు, నాలుగో వంతు మందిని మాత్రం ఉంచుకుంటారు. చిన్న వయసులోనే చేరతారు కాబట్టి బయటికొచ్చేసరికి పాతికేళ్ళ దగ్గర్లోనే ఉంటారు, పీజీకి వయసు సమస్యే కాదు. డిగ్రీ లేకుండా వెళ్ళే తమ్ముళ్ళకి ఇగ్నోలో మూడేళ్ళ డిగ్రీ పెట్టారు, సగం క్రెడిట్లు సర్వీసులో నేర్చుకున్న పనికే ఇస్తారు. నాలుగేళ్ళు అయ్యాక ఇచ్చే సేవానిధి డబ్బు చేతికొచ్చిన రోజు దాంట్లో చదువు వాటా విడిగా ఒక ఎఫ్‌డీలో వేసెయ్యండి, చుట్టాలు అడగక ముందే.

చివరిగా కాగితాలు. నేను ఎంటెక్‌కి అప్లై చేసినప్పుడు నేను చదివిన కాలేజీ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్స్ రావడానికి మూడు నెలలు పట్టింది, పదేళ్ళ నాటి రికార్డులు వేరే గదిలో ఉన్నాయన్నారు, ఆ గది తాళం ఇంకొకరి దగ్గర ఉందన్నారు, నేను యూనిట్ నుంచి ఫోన్లు చేస్తూ ఉన్నాను. పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కులూ కలిపిన మెమో), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), ట్రాన్‌స్క్రిప్ట్స్ సీల్డ్ కవర్లలో ఓ నాలుగైదు సెట్లు, సిలబస్ కాపీ, ఇవన్నీ చేరే ముందే తీసుకుని ఇంట్లో ఒక సెట్టు, స్కాన్ చేసి మెయిల్లో ఒక సెట్టు పెట్టండి. ఓడీ వచ్చేదాకా ఆగొచ్చులే అనుకోకండి, అప్లై చేసేసి నాన్నగారి పేరు మీద ఆథరైజేషన్ లెటర్ ఇచ్చి వెళ్ళండి. ఇంకా మీకు పాఠం చెప్పిన సార్లలో ఇద్దరితోనైనా సంబంధం వదలకండి. పదేళ్ళ తర్వాత రికమెండేషన్ లెటర్ అడగాలంటే ఆయనకి మీరు గుర్తుండాలి. నేను ప్రతి టీచర్స్ డేకి మా సాయిల్స్ సార్‌కి ఫోన్ చేసేవాణ్ణి, ఫీల్డులో ఉంటే ఉత్తరం రాసేవాణ్ణి. ఎంటెక్‌కి ఆయనే లెటర్ రాశారు, అందులో నా మార్కుల గురించి ఒక్క ముక్క లేదు, ఆ ఉత్తరాల్లో నేను అడిగిన ప్రశ్నల గురించి రాశారు.

మైకు అటు ఇవ్వండి, ఆ వెనక బాబు చెయ్యెత్తి చాలాసేపయింది. ఏంటి నాన్నా... చేరి, ట్రైనింగ్ మధ్యలో ఎమ్మెస్ సీటు వస్తే మానేసి రావొచ్చా అనా? రావొచ్చు, సొంత కారణాలతో మానేస్తే ట్రైనింగ్‌కి వాళ్ళు పెట్టిన ఖర్చు తిరిగి కట్టాలి. అది డబ్బు లెక్క. కానీ నువ్వు ఆక్రమించిన ఆ ఒక్క సీటు కోసం మెరిట్ లిస్టులో నీ కింద ఒకడు ఏడాదంతా ఎదురుచూసి ఉంటాడు, వాడికి వయసు దాటిపోయి ఉండొచ్చు. కాబట్టి విదేశాల అప్లికేషన్లు పెట్టి ఉంటే వాటి జవాబు వచ్చేదాకా ఆగు, లేదా అవి మానేసి చేరు, రెండు పడవలూ ఒకేసారి ఎక్కకు. ఎక్కడో కొన్ని యూనివర్సిటీలు సీటుని ఓ ఏడాది వాయిదా వేస్తాయి, పదేళ్ళు ఎవరూ వెయ్యరు.

ఐదింటి దాకా ఎన్‌సీసీ రూములో కూర్చుంటాను. పుట్టినతేదీ, మార్కుల మెమోలు, ఏ ఎంట్రీకి వెళ్ళాలనుకుంటున్నారో రాసుకుని ఒక్కొక్కరే రండి, ఎవరి లెక్క వాళ్ళకి విడిగా వేద్దాం.